ఫ్రాన్స్‌లో యూనివర్సిటీ ఫీజు తక్కువే, మరి కష్టం ఎక్కడుంది?

ఈ ఎపిసోడ్‌లో ఫ్రాన్స్‌లో యూనివర్సిటీ చదువు గురించి మాట్లాడుకుందాం. నేను ఇక్కడ ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను. అందుకని ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, అక్కడ ఫీజు నిజంగా అంత తక్కువా?"

నిజమే, తక్కువే. కాకపోతే ఫీజు డబ్బుల్లో తక్కువ కట్టి, మిగతాది ఫ్రెంచ్ భాషలో, కాగితాల్లో కట్టాలి. ఈ సంగతి ముందే తెలిసి వచ్చినవాళ్ళు బాగానే నెట్టుకొస్తారు. తెలియకుండా వచ్చినవాళ్ళకి మొదటి సెమిస్టర్‌లోనే చుక్కలు కనిపిస్తాయి. అందుకే ఇవాళ అందమైన ఈఫిల్ టవర్ కబుర్లు పక్కన పెట్టి, ఈ చదువు అసలు ఎలా నడుస్తుందో చెప్తాను.

ముందు డబ్బు సంగతి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు ఎంతో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఫ్రాన్స్ పిల్లలు మాస్టర్స్‌కి ఏడాదికి సుమారు 250 యూరోలు కడతారు. మనలాగా యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళకి 2019లో వేరే రేటు పెట్టారు. డిగ్రీకి, అంటే ఇక్కడి లిసాన్స్‌కి 2,770 యూరోలు, మాస్టర్స్‌కి 3,770 యూరోలు. ఆ తర్వాత కొంచెం పెరిగాయి. యూరోని 100 రూపాయలు అనుకుంటే మాస్టర్స్‌కి ఏడాదికి నాలుగు లక్షల దగ్గర అవుతుంది. పీహెచ్‌డీకి ఈ ఎక్కువ రేటు లేదు. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకి కూడా ఫీజులో కొంత మినహాయిస్తాయి. కానీ అది యూనివర్సిటీని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. కాబట్టి అప్లై చేసేముందే ఆ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, "ఈ ఏడాది నాకు మినహాయింపు ఉందా?" అని రాతపూర్వకంగా అడగండి. దీనికి తోడు సీవీఈసీ అని విద్యార్థి జీవనానికి సంబంధించిన ఒక రుసుము ఉంటుంది, 100 యూరోల చుట్టూ. అది కట్టిన సర్టిఫికెట్ లేకపోతే అడ్మిషన్ పూర్తవ్వదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటుకి వద్దాం. మన ఊళ్ళల్లో "ఫ్రాన్స్‌లో సీటు" అని ఎవరైనా చెప్తే, అది ఏ రకం సీటో అడగండి. ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీలు ఉన్నాయి, గ్రాండ్ ఎకోల్ అనే పేరున్న స్కూళ్ళు ఉన్నాయి, అవి కాక బోలెడు ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటులో ఏడాదికి 10 వేల యూరోలు దాటడం మామూలే. ఫీజు ఎక్కువైనంత మాత్రాన చెడ్డదని కాదు. కొన్ని మంచి స్కూళ్ళు ఉన్నాయి. చూడాల్సింది చివర్లో చేతికొచ్చే డిగ్రీ ఏంటన్నది.

'మాస్టర్' అనేది ఇక్కడ ప్రభుత్వం గుర్తించిన జాతీయ డిగ్రీ. 'మాస్తేర్' అని కొన్ని ప్రైవేటు కాలేజీలు ఇచ్చేది వేరు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. అలాగే ఆర్‌ఎన్‌సీపీ టైటిల్ అని ఒకటి చూపిస్తారు. అది ఉద్యోగ నైపుణ్యానికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపే, కానీ అది మాస్టర్ డిగ్రీ కాదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే పర్మిట్‌కి ఏ డిగ్రీలు పనికొస్తాయో ప్రభుత్వ జాబితా ఉంటుంది. ఆర్‌ఎన్‌సీపీ టైటిల్ ఉన్నంత మాత్రాన ఆ జాబితాలో ఉన్నట్టు కాదు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి, ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని వచ్చాక, రెండేళ్ళ తర్వాత ఈ తేడా తెలిస్తే చేసేది ఏమీ ఉండదు. కాబట్టి కాలేజీవాళ్ళని ఒకటే ప్రశ్న అడగండి: "ఈ కోర్సు పూర్తయితే నాకు గ్రాద్ ద మాస్టర్ వస్తుందా?" జవాబు అవును, కాదు అన్నట్టు సూటిగా రాకపోతే మీకు జవాబు వచ్చేసినట్టే.

ఇక అప్లికేషన్. మన దేశం నుంచి వచ్చేవాళ్ళకి ఎతూద్ ఆన్ ఫ్రాన్స్ అనే పోర్టల్ ఉంది. కాంపస్ ఫ్రాన్స్ అనే ప్రభుత్వ సంస్థ దీన్ని చూసుకుంటుంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకి దీంట్లోనే అప్లై చేయొచ్చు. సెప్టెంబరులో క్లాసులు మొదలవ్వాలంటే అంతకుముందు అక్టోబరు నుంచే పని మొదలెట్టాలి. "ఫైనల్ ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాంలే" అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే. వీసాకి ముందు కాంపస్ ఫ్రాన్స్‌వాళ్ళు ఒక ఇంటర్వ్యూ చేస్తారు. ఈ కోర్సు ఎందుకు, బీటెక్‌లో చదివినదానికి దీనికి సంబంధం ఏంటి, తర్వాత ఏం చేస్తారు అని అడుగుతారు. ఎవరో రాసిచ్చిన ఎస్‌ఓపీ బట్టీ పట్టి వెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

కాగితాల్లో మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది, పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, బర్త్ సర్టిఫికెట్‌లో కొందరికి అసలు పేరే ఉండదు. ఫ్రెంచ్ ఫారాల్లో 'నోం' అంటే ఇంటిపేరు, 'ప్రెనోం' అంటే మన పేరు. అన్ని కాగితాల్లో ఇవి ఒకేలా లేకపోతే ఇక్కడ ప్రతి ఆఫీసులో ఆగిపోతారు. బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు స్పష్టంగా ఉండేలా అక్కడ ఉన్నప్పుడే మీసేవలో సరిచేయించుకోండి. ఇక్కడ హెల్త్ ఇన్సూరెన్స్ నంబర్ రావాలన్నా ఆ కాగితం కావాలి.

సరే, వీసా వచ్చింది, దిగారు. మూడు నెలల లోపు ఆ వీసాని ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చేసుకోవాలి. ఇది మర్చిపోతే మీరు దేశంలో ఉండటమే చట్టవిరుద్ధం అవుతుంది. ఇంకోటి, యూనివర్సిటీలో రిజిస్ట్రేషన్ రెండుసార్లు ఉంటుంది. ఒకటి ఫీజు కట్టి స్టూడెంట్ కార్డు తీసుకునేది. రెండోది ఏ సబ్జెక్టులు, ఏ గ్రూపు అని డిపార్ట్‌మెంట్‌లో చేసుకునేది. మొదటిది అయిపోగానే అంతా అయిపోయిందని చాలామంది అనుకుంటారు. రెండోది చేయకపోతే పరీక్షల లిస్టులో మీ పేరు ఉండకపోవచ్చు. మన కాలేజీల్లోలా ఎవరూ ఫోన్ చేసి పిలవరు, ఇంటికి మెసేజ్ పంపరు. మెయిల్ ఒకటి వస్తుంది, అదీ ఫ్రెంచ్‌లో.

క్లాసుల్లో సీఎం, టీడీ, టీపీ అని మూడు రకాలు. సీఎం అంటే పెద్ద హాల్లో లెక్చర్. టీడీ అంటే చిన్న గ్రూపులో లెక్కలు, చర్చలు. టీపీ అంటే ల్యాబ్. లెక్చర్‌కి చాలాచోట్ల అటెండెన్స్ తీసుకోరు. అది చూసి అన్నీ అంతే అనుకోకండి. టీడీ, టీపీలకి సాధారణంగా హాజరు తప్పనిసరి.

మార్కులు 20కి. పాస్ 10. మన దగ్గర 85 శాతం తెచ్చుకున్నవాళ్ళకి ఇక్కడ మొదటిసారి 11 వచ్చిందంటే గుండె జారిపోతుంది. కంగారు పడకండి. 12 వస్తే 'అసే బియన్', అంటే ఫర్వాలేదు బాగుంది. 14కి 'బియన్', 16కి 'త్రే బియన్'. 16 తెచ్చుకునేవాళ్ళు క్లాసులో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, మాస్టర్స్ రెండేళ్ళకి 120. ఒక సబ్జెక్టులో 8 వచ్చినా ఇంకోదాంట్లో 13 వస్తే సగటు మీద గట్టెక్కే పద్ధతి చాలా కోర్సుల్లో ఉంది. కొన్నిచోట్ల ఇంత కంటే తగ్గకూడదని కనీస మార్కు పెడతారు. ఫెయిలైతే రత్రపాజ్ అని రెండో అవకాశం చాలా కోర్సుల్లో ఇస్తారు.

ఇక్కడ ఒక రూల్ బాగా గుర్తుపెట్టుకోండి. పరీక్షకి వెళ్ళి ఏమీ రాయకపోయినా సున్నా వస్తుంది, ఆ సున్నా సగటులో కలుస్తుంది. అసలు వెళ్ళకపోతే చాలా యూనివర్సిటీల్లో 'డెఫాయాన్' అని వేస్తారు, అంటే సగటే లెక్కకట్టరు. మిగతావాటిలో 15 వచ్చినా లాభం లేదు. జ్వరం వచ్చినా డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని వెంటనే ఇవ్వాలి. ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్ చేసేటప్పుడు మీరు నిజంగా చదువుతున్నారా, ముందుకు వెళ్తున్నారా అని ప్రిఫెక్చర్ చూస్తుంది. పరీక్షలకి రానివాళ్ళ ఫైల్ అక్కడ బలహీనపడుతుంది. ఆ రెన్యువల్ కూడా గడువు ముగిసే ముందు నాలుగు నుంచి రెండు నెలల మధ్య పెట్టుకోవాలి.

ఇంగ్లీషులో చెప్పే కోర్సులు వందల కొద్దీ ఉన్నాయి, అది నిజం. కానీ కోర్సు ఇంగ్లీషులో ఉంటే జీవితం ఇంగ్లీషులో ఉండదు. అద్దె అగ్రిమెంట్, బ్యాంకు, డాక్టర్, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ, ఇవన్నీ ఫ్రెంచే. ఫ్రెంచ్‌లో చెప్పే కోర్సులకి సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. ఇంగ్లీషు కోర్సుకి వచ్చేవాళ్ళు కూడా కనీసం ఏ2 పూర్తి చేసి రండి. హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, అక్కడ నేర్చుకోవచ్చు.

ఉండటం సంగతి. రూమ్ దొరకడం, ముఖ్యంగా పారిస్‌లో, అన్నిటికంటే కష్టం. ఓనర్లు ష్యూరిటీ అడుగుతారు. మనకి ఇక్కడ ఎవరు ఇస్తారు? విజాల్ అనే ఉచిత గ్యారంటీ ఉంది, 30 ఏళ్ళ లోపు విద్యార్థులు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. రూమ్ చూడకుండా, అగ్రిమెంట్ లేకుండా ముందే డబ్బు పంపమంటే అది మోసమే, పంపకండి. కాఫ్ అనే సంస్థ అద్దెలో కొంత సాయం చేస్తుందని విని ఉంటారు. విదేశీ విద్యార్థులకి ఆ నిబంధనలు కఠినం అవుతున్నాయి. అందుకని బడ్జెట్‌లో ఆ డబ్బు వేసుకోకండి. తిండికి క్రూస్ క్యాంటీన్లు ఉన్నాయి, బయటితో పోలిస్తే చాలా తక్కువ ధరకి పూర్తి భోజనం దొరుకుతుంది. మన పప్పన్నం రుచి మాత్రం ఆశించకండి. ఆరోగ్య బీమాకి ఆమెలీ సైట్‌లో రిజిస్టర్ అవ్వాలి, అది ఉచితం.

పార్ట్ టైమ్ ఏడాదికి 964 గంటల వరకు చేయొచ్చు. అది చేతి ఖర్చులకి సాయం, లోన్ తీర్చేంత కాదు. ఇంకో మాట, స్టూడెంట్ పర్మిట్ మీద జీతానికి పనిచేయొచ్చు కానీ సొంత వ్యాపారంలా చేసే యాప్ డెలివరీ కుదరదు. వేరేవాళ్ళ అకౌంట్ అద్దెకు తీసుకుని డెలివరీ చేస్తే పట్టుబడిన రోజు పర్మిట్‌కే ఎసరు వస్తుంది. నాలుగు వందల యూరోల కోసం రెండేళ్ళ చదువుని పణంగా పెట్టకండి.

మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది పర్మిట్ ఇస్తారు. రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం వల్ల మనవాళ్ళు దాన్ని ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు రావాలని ఫ్రాన్స్ లక్ష్యం పెట్టుకుంది కూడా. అంటే తలుపు తెరిచే ఉంది. లోపలికొచ్చాక చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు మాత్రం ఉండరు.

కాబట్టి వచ్చే ఏడాది రావాలనుకునేవాళ్ళు ఈ వారమే రెండు పనులు చేయండి. బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, టెన్త్ మెమో పక్కపక్కన పెట్టి పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. తర్వాత ఫ్రెంచ్ క్లాసులో చేరండి. కన్సల్టెన్సీకి ఇచ్చే డబ్బులో కొంత ఆ క్లాసుకి పెట్టినా మీకే లాభం. వచ్చే ఎపిసోడ్‌లో కాంపస్ ఫ్రాన్స్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల గురించి వివరంగా చెప్తాను. ఉంటాను మరి.