చర్మ క్యాన్సర్‌ను రోగి గుర్తించడం: పేరు, చోటు, మార్పు

వ్యాససంగ్రహం:
చర్మ క్యాన్సర్ కంటికి కనిపించే చోట పుడుతుంది. అయినా రోగులు అనేకసార్లు ఆలస్యంగానే వైద్యుని వద్దకు చేరుతారు. కనిపించినదానికి రోగి పెట్టుకునే తొలి పేరు ఈ ఆలస్యానికి ఒక ముఖ్య కారణమని ఈ వ్యాసం వివరిస్తుంది. తెల్లని చర్మం ఆధారంగా రూపొందిన గుర్తింపు సూత్రాల పరిధిని, తెలుగు వాడుకలోని పదాలను, సర్వే ప్రశ్నావళుల అనువాదంలో తలెత్తే సమస్యను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెలనోమా, పుట్టుమచ్చ, అరికాలు, మానని పుండు, ప్రశ్నావళి అనువాదం.

1. ఉపోద్ఘాతం

చర్మ క్యాన్సర్లలో ప్రధానమైనవి మూడు. బేసల్ సెల్ కార్సినోమా నెమ్మదిగా పెరుగుతుంది, ఇతర అవయవాలకు పాకడం అరుదు. స్క్వామస్ సెల్ కార్సినోమా పాకగలదు. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలలో పుట్టే మెలనోమా ఈ మూడింటిలో అత్యంత ప్రమాదకరమైనది. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో మెలనోమా మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, రోగి భవితవ్యాన్ని ఆ కొలత సూచిస్తుందని నిరూపించాడు. 1 మి.మీ. లోపు మందం ఉన్నప్పుడు తొలగిస్తే రోగి కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. 4 మి.మీ. దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. అందువల్ల రోగి తన చర్మంపై మార్పును ఎప్పుడు గుర్తించాడనేది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

2. గుర్తింపు సూత్రాలు – వాటి పుట్టుక

1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు ఫ్రీడ్‌మన్, రిగెల్, కాఫ్ సామాన్యులకు గుర్తుండేలా 'ఏబీసీడీ' సూత్రాన్ని ప్రతిపాదించారు. మచ్చ రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, ఒకే మచ్చలో పలు రంగులు కనిపించడం, వ్యాసం 6 మి.మీ. మించడం అందులోని నాలుగు లక్షణాలు. 2004లో 'మార్పు' అనే అయిదవ లక్షణం చేరి అది 'ఏబీసీడీఈ' అయింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో రోనా మెకీ ఏడు అంశాల పట్టికను రూపొందించింది. 1998లో ఫ్రాన్స్ వైద్యులు 'అనాకారి బాతుపిల్ల' అనే భావనను ముందుకు తెచ్చారు. ఒక వ్యక్తి పుట్టుమచ్చలన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి కనుక, వాటిలో కలవని మచ్చను అనుమానించాలన్నది దాని సారాంశం.

ఈ సూత్రాలన్నీ ఎంతో ఉపయోగపడ్డాయి. అయితే ఇవి ప్రధానంగా తెల్లని చర్మంపై, వీపు, కాళ్ళు వంటి భాగాల్లో కనిపించే మెలనోమాను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి. చర్మపు ఛాయ మారినప్పుడు వ్యాధి కనిపించే చోటు కూడా మారుతుందన్న విషయం వీటిలో ఇమడలేదు.

3. ఛాయ గల చర్మం – అరికాలు, గోరు

ఛాయ గల చర్మంలోని మెలనిన్ సూర్యుని అతినీలలోహిత కిరణాల నుండి రక్షణ ఇస్తుంది. అందుకే భారతీయులలో మెలనోమా అరుదు. కానీ అరికాలు, అరచేయి, గోటి అడుగు భాగాలలో వచ్చే 'ఏక్రల్ లెంటిజినస్ మెలనోమా'కు ఎండ ప్రధాన కారణం కాదు. ఛాయ గల ప్రజలలో కనిపించే మెలనోమాలలో దీని వాటా ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా ఉన్నట్లు తేలింది. మొదట దానిని ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. 1981లో 36 ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు.

దెబ్బ వల్ల గోటి కింద గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. కదలకుండా ఉండిపోయే నలుపు, ఒకే గోటిపై వెడల్పవుతున్న నిలువు చార, గోరు దాటి చుట్టుపక్కల చర్మానికి పాకిన నలుపు వైద్యుడు తప్పక చూడవలసినవి. ఛాయ గల వారిలో పలు గోళ్ళపై ఒకేసారి కనిపించే సన్నని చారలు చాలావరకు హానిలేనివి. ఈ తేడా తెలియని రోగి అనవసరంగా భయపడవచ్చు, లేదా అవసరమైనప్పుడు భయపడకపోవచ్చు.

పాదాల కోసం 2010లో బ్రిటన్‌లో ప్రత్యేక సూచిక వెలువడింది. రంగు, నిర్ధారణలో అనిశ్చితి, రక్తస్రావం, పెరుగుదల, రెండు నెలలు దాటినా మానకపోవడం అందులోని అయిదు అంశాలు. వీటిలో ఏ రెండు ఉన్నా నిపుణుని వద్దకు పంపాలని అది సూచించింది.

4. తొలి పేరు

తెలుగులో చర్మంపై నల్లని చుక్కకు వాడుకలో ఉన్న పేరు 'పుట్టుమచ్చ'. పుట్టుకతో వచ్చినదన్న అర్థం ఆ మాటలోనే ఉంది. బడి రికార్డుల్లో, పదవ తరగతి ధ్రువపత్రంలో గుర్తింపు చిహ్నాలుగా నమోదయ్యేవి పుట్టుమచ్చలే. మచ్చల స్థానాన్ని బట్టి ఫలితం చెప్పే సంప్రదాయం కూడా ఉంది. ఈ వాడుకలన్నిటిలో పుట్టుమచ్చ మారనిది, మనిషిని గుర్తుపట్టించేది. మెలనోమా లక్షణం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది కొత్తగా రావడం, మారడం ద్వారా తెలుస్తుంది. యాభై ఏళ్ళ వయసులో అరికాలిపై వచ్చిన నల్లమచ్చను 'పుట్టుమచ్చ' అని పిలవగానే, అది ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్న మరుగున పడుతుంది.

అరికాలిపై గట్టిపడినది 'ఆనెకాయ', బొడిపెగా లేచినది 'పులిపిరి', గోటి పక్కన వాచినది 'గోరుచుట్టు', మధుమేహ రోగి కాలిపై మానని పుండు 'షుగరు పుండు' అవుతాయి. ఎక్కువసార్లు ఆ పేరు సరైనదే. కానీ పేరుతోపాటు చికిత్స కూడా నిర్ణయమైపోతుంది. ఆనెకాయను కోసుకుంటారు, పులిపిరికి పసరు పూస్తారు, పుండుకు కట్టు కడతారు. రంగులేని మెలనోమా కూడా ఉంటుంది. అది నలుపు లేని మామూలు పుండులా కనిపిస్తుంది. గ్రామాల్లో తొలి సలహా ఇచ్చే ఆర్‌ఎంపీ సైతం అదే పేరును ఖాయం చేస్తే, రోగికి మొదట కలిగిన అనుమానం కూడా తొలగిపోతుంది.

5. అలవాటైన పుండు

స్క్వామస్ సెల్ కార్సినోమా విషయంలో ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. పాత కాలిన మచ్చలపై, ఏళ్ళ తరబడి మానని పుండ్లపై ఈ క్యాన్సర్ పుట్టవచ్చు. దానికి మార్జొలిన్ పుండు అని పేరు. కశ్మీర్‌లో చలికి ఒంటికి ఆనించుకొనే కాంగ్డీ నిప్పుకుండ వల్ల పొట్టపై, తొడలపై వచ్చే క్యాన్సర్ 19వ శతాబ్దంలోనే వైద్యుల దృష్టికి వచ్చింది. నడుము చుట్టూ ధోవతి బిగింపు ఒరిపిడితో వచ్చే క్యాన్సర్‌ను 1945లో ఖనోల్కర్, సూర్యాబాయి వర్ణించారు. తరువాత చీరకట్టు, లంగాబొందు ఒరిపిడి వల్ల వచ్చినవి కూడా వైద్యసాహిత్యంలో నమోదయ్యాయి. ఇక్కడ రోగికి ఆ చోటు ఎప్పటి నుండో తెలిసినదే. ఏళ్ళ తరబడి ఉన్న రాపిడి మచ్చ అలవాటైపోతుంది. అంచులు పైకి లేవడం, తాకితే రక్తం కారడం, దుర్వాసన రావడం ఆ అలవాటు చాటున దాగిపోతాయి.

6. ప్రశ్నావళుల అనువాదం

రోగుల గుర్తింపు సామర్థ్యాన్ని కొలిచే ప్రశ్నావళులలో పుట్టుమచ్చలోని మార్పు గురించిన ప్రశ్న సాధారణం. దానిని తెలుగులోకి అనువదించి, మళ్ళీ ఇంగ్లీషులోకి తిరిగి అనువదించి సరిచూసినా దోషం బయటపడదు. 'పుట్టుమచ్చ' తిరిగి అదే ఇంగ్లీషు మాటగా మారుతుంది కనుక మాటకు మాట సరిపోతుంది. కానీ పుట్టుకతో వచ్చిన వాటినే తలచుకొని జవాబిచ్చిన వ్యక్తి, ఇటీవల అరికాలిపై వచ్చిన మచ్చను లెక్కలోకి తీసుకోడు. అంటే ఆ సర్వే అవగాహన లోపంగా నమోదు చేసిన దానిలో కొంత భాషాలోపం కావచ్చు. 'పుట్టిన తరువాత కొత్తగా వచ్చిన మచ్చ', 'రెండు నెలలుగా మానని పుండు', 'అరికాలు, గోళ్ళ కింద నలుపు' అని విడివిడిగా అడగడం ఇందుకు ఒక మార్గం. ప్రశ్నావళిని ఖరారు చేయడానికి ముందు, కొందరిని ఆ మాటలకు ఏమి అర్థం చేసుకున్నారో చెప్పమని అడిగి పరీక్షించడం మరో మార్గం.

7. ముగింపు

రోగి తన చర్మాన్ని రోజూ చూస్తూనే ఉంటాడు. చూసినదానికి ఒక పేరు దొరకగానే పరిశీలన ఆగిపోవడం అసలు సమస్య. తెల్లని చర్మం ఆధారంగా ఏర్పడిన సూత్రాలను యథాతథంగా అనువదించడం తెలుగు ఆరోగ్య ప్రచారానికి చాలదు. ఎక్కడ చూడాలి, ఎప్పటి నుండి ఉంది, మానుతోందా లేదా అన్న మూడు ప్రశ్నలను అది రోగి సొంత మాటల్లో అందించాలి. ఆనెకాయ, గోరుచుట్టు, షుగరు పుండు అన్న పేర్లను తప్పుపట్టనవసరం లేదు. వాటికి ఒక గడువు పెట్టడం అవసరం. రెండు నెలలు దాటినా తగ్గని ఆనెకాయ, మానని పుండు, గోటితో కదలని నలుపు ఏ పేరుతో ఉన్నా చర్మవైద్యుడు చూడవలసినవే. కొన్నింటికి చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్ష చేయవలసి వస్తుంది. దాని సరైన పేరు ఆ పరీక్షలోనే తేలుతుంది.