జవాబు అందరి ఫోన్‌లోనూ ఉన్నప్పుడు ఛాంపియన్లు ఏం నేర్చుకుంటారు?

మా గుడివాడకి చెస్ ప్రపంచంలో ఒక పేరుంది. కోనేరు హంపి 1987లో ఇక్కడే పుట్టారు. తండ్రి అశోక్ గారే మొదటి గురువు. 2002లో, పదిహేనేళ్ళకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పటికి అంత చిన్న వయసులో ఆ టైటిల్ సాధించిన మహిళ ప్రపంచంలో ఇంకొకరు లేరు. ఇదంతా మా ఊళ్ళో చాలామందికి తెలిసిందే.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఆ తర్వాతి కథ. పాప పుట్టినప్పుడు ఆమె కొంతకాలం ఆటకి దూరంగా ఉన్నారు. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. 2024 డిసెంబర్‌లో, 37 ఏళ్ళ వయసులో, న్యూయార్క్‌లో అదే టైటిల్ మళ్ళీ గెలిచారు. అది కూడా మొదటి గేమ్ ఓడిపోయాక! చిన్నప్పుడే అంత ఎత్తుకి వెళ్ళినవాళ్ళు ఇంకా నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

ముందు ఒక అపోహ తీసేద్దాం. గొప్ప ఆటగాళ్ళకి జ్ఞాపకశక్తి పుట్టుకతోనే వస్తుందని మనం అనుకుంటాం. 1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. నిజమైన గేమ్‌లోని ఒక పొజిషన్‌ని ఐదు సెకన్లు చూపించి, గుర్తున్నంత వరకు మళ్ళీ పేర్చమన్నారు. మాస్టర్ కొత్తవాళ్ళ కంటే ఎన్నో రెట్లు బాగా పేర్చాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే మాత్రం ఆ తేడా దాదాపు మాయమైపోయింది. అంటే మాస్టర్ ఒక్కో పావుని విడిగా గుర్తుపెట్టుకోవట్లేదు, వేల గేముల్లో చూసిన గుంపుల్ని గుర్తుపడుతున్నాడు. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా మాటని మాటగా చదివేస్తాం కదా, అలా అన్నమాట.

మరి పైకి వెళ్ళేకొద్దీ మెరుగవడం ఎందుకంత కష్టం? రేటింగ్ లెక్క చూస్తే తెలుస్తుంది. 2400 దాటినవాళ్ళకి లెక్కలో వాడే గుణకం 10 మాత్రమే. తన కంటే 200 పాయింట్లు తక్కువున్న ప్రత్యర్థిని గెలిస్తే వచ్చేది దాదాపు 2.4 పాయింట్లు. ఓడితే పోయేది 7.6. డ్రా అయినా 2.6 పోతాయి. పైనున్నవాళ్ళు ఉన్నచోట నిలబడాలన్నా గెలుస్తూనే ఉండాలి. కొత్త ఓపెనింగ్ ఒకటి నేర్చుకుంటే సరిపోదు, తన ఆటలో ఎక్కడ చిల్లు ఉందో వెతికి పూడ్చుకోవాలి.

ఆ చిల్లు ఎలా దొరుకుతుంది? పాత ప్రపంచ ఛాంపియన్ బోట్విన్నిక్ పద్ధతి ఒకటుంది. ఆయన వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీర్, అంటే మన ఈఈఈ బ్యాచ్! సొంత గేముల్ని విశ్లేషించి అచ్చు వేయమనేవాడు. నలుగురూ చదివి తప్పులు పడతారు కాబట్టి మనల్ని మనం మోసం చేసుకోవడం కుదరదు.

ఇప్పుడు ఆ నలుగురి పని ఇంజిన్ చేస్తోంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ఏ మనిషినైనా ఓడిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. మంచి ఎత్తు ఏదో అది చెబుతుంది, మన బుర్రకి అది ఎందుకు తట్టలేదో చెప్పదు. అందుకే మంచి కోచ్‌లు ఇంజిన్ కట్టేసి ముందు మీరే ఆలోచించమంటారు. ఆ సమయంలో నేను ఏమనుకున్నాను, దేనికి భయపడ్డాను, ఏ ఎత్తుని చూడనే లేదు అని రాసుకోవాలి. ఇంజిన్ ఆ తర్వాతే. మన జవాబుకీ దాని జవాబుకీ మధ్య తేడా ఉంటుంది చూశారా, మనం నేర్చుకోవాల్సిన పాఠం అదే.

మనిషి తోడు కూడా కావాలి. 2024లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అతనికి సాయం చేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నారు. ఇంజిన్ ఇద్దరు ఆటగాళ్ళకీ ఒక్కటే. దాని లెక్కని గుకేశ్ ఆటకి సరిపడే ప్లాన్‌గా మార్చాల్సింది మాత్రం మనుషులే.

ఇది చెస్‌తో ఆగిపోయే విషయం కాదు. కోడింగ్ ప్రాబ్లం ఇచ్చిన రెండో నిమిషంలో ఏఐని అడిగితే జవాబు వచ్చేస్తుంది, అసైన్‌మెంట్ కూడా అయిపోతుంది. కానీ మన జవాబంటూ ఒకటి లేకపోతే దేనితో పోల్చుకుంటాం? ఇంటర్వ్యూలో ఎదురుగా బోర్డు ఉంటుంది, ఫోన్ ఉండదు. హంపి గారు న్యూయార్క్‌లో కూర్చున్న టేబుల్ మీదా ఇంజిన్ లేదు.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి సొల్యూషన్ తెరిచే ముందు తప్పో ఒప్పో మీ జవాబు ఒక కాగితం మీద పెట్టండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.