చదువుకు ఏడాది ఆగాలా? రెండు క్యాలెండర్లు చూడండి

‘‘డాక్టర్ గారూ, ఈ ఏడాదికి కాలేజీ మాన్పించేయమంటారా?’’ డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లల్ని మా ఓపీకి తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. మరికొందరు దీనికి పూర్తిగా భిన్నం. పిల్లాడు నిలబడలేకపోతున్నా ‘‘సెలైన్ పెట్టి పంపేయండి, సోమవారం ల్యాబ్ పరీక్ష ఉంది’’ అంటారు. ఒకరిది భయం, ఇంకొకరిది తొందర. ఈ రెండింటినీ పక్కనపెట్టి జబ్బు క్యాలెండర్‌నూ, కాలేజీ క్యాలెండర్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

జబ్బుకు ఎంతకాలం?

టైఫాయిడ్‌కు ఒకటి, రెండు వారాలు మందులు వాడాలి. ఆ తర్వాత ఇంకొన్ని వారాలు నీరసం ఉండొచ్చు. డెంగీ కూడా అంతే. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఏ కామెర్లు చాలామందికి నెల, రెండు నెలల్లో తగ్గిపోతాయి. ఒక్క వీటి కోసమే ఏడాది వదులుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు.

క్షయ అనగానే ఇంట్లో అందరూ హడలిపోతారు. మామూలు ఊపిరితిత్తుల క్షయకు మందులు 6 నెలలు వాడాలి. అంటే 6 నెలలూ మంచం మీద ఉండాలని కాదు. మందులు సరిగా పనిచేస్తుంటే రెండు, మూడు వారాల్లోనే ఇతరులకు అంటుకునే ముప్పు బాగా తగ్గుతుంది. జ్వరం పోయి, ఒంట్లో ఓపిక వచ్చాక డాక్టర్ సరేనంటే క్లాసులకు వెళ్లొచ్చు. హాస్టల్లో ఎవరైనా చూస్తారని మాత్రలు ఆపేస్తేనే అసలు ప్రమాదం. జబ్బు మందులకు లొంగకుండా మొండికేస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో క్షయ మందులు ఉచితం. పోషకాహారానికి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు.

మెదడు, వెన్నెముక క్షయ, క్యాన్సర్, కిడ్నీ మార్పిడి వంటివి వేరు. వీటి చికిత్స సుదీర్ఘంగా సాగుతుంది. ఇక్కడ ఏడాది ఆగడం చికిత్సలో భాగమే అనుకోండి.

మనసు బాగాలేనప్పుడు

డిప్రెషన్‌లో ఒక చిక్కుంది. ‘నా వల్ల కాదు, మానేస్తా’ అనిపించడం ఆ జబ్బు లక్షణమే కావచ్చు. మందుల ప్రభావం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ముందు సెలవు పెట్టించి, చికిత్స మొదలుపెట్టండి. ఏడాది మానాలా వద్దా అన్నది మనసు కాస్త కుదుటపడ్డాక తేల్చుకోవచ్చు. చనిపోవాలన్న మాట పిల్లల నోట వస్తే మాత్రం హాజరు లెక్కలు వద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

కాలేజీ లెక్క

జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీల్లో సెమిస్టర్‌కు 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యమైతే మెడికల్ సర్టిఫికెట్‌తో 65 శాతం వరకు మినహాయింపు అడగొచ్చు. అంతకంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు. 16 వారాల సెమిస్టర్ అనుకుంటే, సుమారు అయిదున్నర వారాలు పోయినా గట్టెక్కొచ్చన్నమాట. అది దాటితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అది తిరిగొచ్చేది సాధారణంగా మరుసటి ఏడాదే. కొన్ని వారాల గైర్హాజరు ఏడాదిగా మారేది ఇలాగే. హాజరు ఉండి పరీక్ష రాయలేకపోతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు. అందుకే పరీక్ష కంటే ముందు హాజరు లెక్క చూడండి. మీ కాలేజీ నిబంధనలు వేరుగా ఉంటే ఆఫీసులో అడగండి. సర్టిఫికెట్ జబ్బుగా ఉన్నప్పుడే తీసుకోండి. తర్వాత వచ్చి పాత తేదీలు వేసివ్వమంటే ఏ డాక్టరూ ఇవ్వకూడదు.

ఆగాలనే నిర్ణయిస్తే...

* చెప్పకుండా మానేయొద్దు. ప్రిన్సిపల్‌కు లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.
* తిరిగి ఎప్పుడు చేరాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ కొనసాగుతుందా అన్నది ముందే తెలుసుకోండి. బ్యాంకు రుణం ఉంటే వాళ్లకూ తెలపండి.
* నిద్ర లేచే వేళ, మందుల వేళ, కాసేపు నడక, ఓపికను బట్టి గంటో రెండు గంటలో చదువు... రోజుకో పద్ధతి ఉండాలి. లేకపోతే ఫోన్‌తోనే పొద్దుపోతుంది.
* ఇద్దరు స్నేహితులైనా వచ్చిపోతుండేలా చూడండి.
* చుట్టాల ముందు ‘ఏడాది పోయింది’ అనొద్దు. ‘చికిత్స అయ్యాక చేరతాడు’ అంటే చాలు.

నిర్ణయానికి ముందు పిల్లల మాట తప్పక వినండి. ఆ క్లాసుల్లో కూర్చోవాల్సింది వాళ్లే. ఈసారి డాక్టర్‌ను కలిసేటప్పుడు ఇప్పటివరకు ఉన్న హాజరు శాతం, సెమిస్టర్ ముగిసే తేదీ రాసుకుని వెళ్లండి. ‘‘మాన్పించమంటారా?’’ అని కాకుండా ‘‘ఏ తేదీకి క్లాసులో కూర్చోగలడు?’’ అని అడగండి. ఆ తేదీ తెలిస్తే మిగతాది మీరే లెక్కేసుకోగలరు.