ధ్వనికి కాటా

గుంటూరు మిరపయార్డులో బస్తా తూకమునకు ఎక్కింపక ముందే కాటా సున్న చూపుచున్నదో లేదో చూచుకొనుట ఎరిగిన రైతు పద్ధతి. ఎండుకాయను చెవిదగ్గర గలగలలాడించి తేమ చెప్పగల నేర్పరులు, దూదిని వేళ్ళ నడుమ సాగదీసి పింజ పొడవు అంచనా వేయగల నేర్పరులు ఈ నల్లరేగడి సీమలో లేకపోలేదు. అయినను రొక్కము చేతులు మారు చోట అంచనా చాలదు. కాటా ఉండవలెను, ఆ కాటా సరియైనదై ఉండవలెను. పత్తికి, మిరపకు మనము పాటించు ఈ న్యాయమును ధ్వనికి మాత్రము ఏల పాటింపము?

ఒంగోలు మొదలుకొని నరసరావుపేట దాక మైకు లేని పండుగ లేదు గదా. కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలకు మైకు, శ్రీరామనవమి పందిరికి మైకు, పాఠశాల వార్షికోత్సవమునకు మైకు. పదిమంది చందాలతో బడికి యాంప్లిఫయర్ కొనునపుడు పెద్దలు చూచునది పెట్టెమీది అంకెను. ‘1000 వాట్లు, పి.ఎం.పి.ఓ.’ అని అచ్చువేసి ఉండును. ఆ అంకె నిజమా అని అడుగుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో చెప్పు భౌతికశాస్త్రము చాలును.

ఆ యంత్రమునకు కరెంటు నిచ్చు అడాప్టరుపై 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉన్నదనుకొందము. 12ను 2తో హెచ్చవేయగా 24 వాట్లు. లోనికి వచ్చునది 24 అయినపుడు వెలికి నిలకడగా వేయి వాట్లు ఎట్లు పోవును? కెపాసిటర్లలో నిలువచేసిన విద్యుత్తు క్షణములో అల్పభాగము సేపు కొంత ఎక్కువ ఈయవచ్చును. అట్టి క్షణికమైన లెక్కను, పలుమారు కాగితముమీది ఊహను చేర్చి పెంచినదే ఈ పి.ఎం.పి.ఓ. దానిని నిర్ణయించుటకు అందరును అంగీకరించిన పద్ధతి యొకటి లేదు. కావున నిజము తెలియవలెనన్న కొలువవలసినదే.

ఇట్టి కొలత పెద్ద ప్రయోగశాలలకే సాధ్యమని వెనుదీయనక్కరలేదు. 1938లో అమెరికాలోని పాలో ఆల్టో పట్టణమున, ఒక అద్దె ఇంటి కారుషెడ్డులో పనిచేయుచుండిన విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకర్డ్ అను యువకులు ధ్వని పరికరములను పరీక్షించుటకు ఒక ఆసిలేటరును తయారుచేసిరి. అందలి స్వరము హెచ్చుతగ్గులు లేక నిలుచుటకు హ్యూలెట్ వాడినది ఒక చిన్న విద్యుద్దీపము. వేడెక్కినకొలది దీపపు తీగ నిరోధము పెరుగును. ఆ గుణమే స్వరమునకు కళ్ళెమైనది. 1940లో విడుదలైన ‘ఫాంటాసియా’ చిత్రపు ధ్వని పనికై వాల్ట్ డిస్నీ సంస్థ అట్టి యంత్రములను 8 కొన్నది.

నేడు ఆ ఆసిలేటరు చేయు పనిని ఇంటి కంప్యూటరే చేయగలదు. ఒక గట్టి బల్ల, కంప్యూటరు, దానికి తగిలించు సౌండ్ కార్డు, ఒక మల్టీమీటరు, లౌడ్ స్పీకరుకు బదులుగా నిలుచు 8 ఓముల నిరోధకము, ఇవే ముఖ్య సామగ్రి. ‘రూమ్ ఈక్యూ విజార్డ్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు స్వరమును పుట్టించును, తిరిగి వచ్చిన స్వరమును విడదీసి చూపును. నిరోధకము 50 లేక 100 వాట్లకు ఓర్చునదై, అల్యూమినియము పలకకు బిగింపబడి ఉండవలెను. మన వేసవిలో అది త్వరలోనే చేయి కాల్చునంత వేడెక్కును. స్పీకరు లేదు గనుక అర్ధరాత్రి పరీక్షించినను పొరుగువారికి నిద్రాభంగము లేదు.

ఇక మొదటి కొలత యాంప్లిఫయరుది కాదు, బల్లదే. సౌండ్ కార్డు నుండి వెలువడు తీగను తిరిగి దాని లోపలి ద్వారమునకే కలిపి స్వరమును పంపవలెను. నడుమ ఏ యంత్రమును లేదు గనుక అప్పుడు తెరపై కనిపించు వికృతి, రొద సర్వము మన బల్ల దోషమే. ఖాళీ కాటా చూపు అంకె యన్నమాట. బల్లకే 0.01 శాతము వికృతి ఉన్నచో, ఏ యాంప్లిఫయరునైనను 0.005 శాతము కలదని దానిపై తేల్చి చెప్పుటకు మనకు అధికారము లేదు. ఈ అంకెను పుస్తకములో మొదటి పంక్తిగా వ్రాసికొనవలెను.

అటుపిమ్మట యాంప్లిఫయరును నడుమ ఉంచవలెను. దాని వెలుపలి వోల్టేజి సౌండ్ కార్డును చెరుపకుండ 10,000 ఓములు, 1,000 ఓములు గల రెండు నిరోధకములతో సుమారు పదునొకండవ వంతుకు తగ్గించి పంపవలెను. వృత్తిజ్ఞులు సాధారణముగా 1000 హెర్ట్జ్ స్వరమును వాడుదురు. చౌక మల్టీమీటర్లలో పెక్కింటికి 400 దాటిన పిదప సరియైన అంకెకు హామీ లేదు గనుక మనకు 200 మేలు. ధ్వనిని క్రమముగా పెంచుచు తెరను చూడవలెను. పంపినది 200 ఒక్కటే. 400, 600 వద్ద కొత్త గీతలు లేచినచో అది యంత్రము కల్పించిన వికృతి. అది 1 శాతమునకు చేరినచోట ఆగి, 8 ఓములపై వోల్టేజిని చదువవలెను. మీటరు 12 చూపినచో, 12 వర్గము 144. దానిని 8తో భాగింపగా 18. ఆ యంత్రపు నికరమైన శక్తి 18 వాట్లు.

18 వాట్లని నిరుత్సాహపడ నక్కరలేదు. శక్తి పదిరెట్లయినపుడే చెవికి ధ్వని సుమారు రెండింతలుగా తోచును. కావున తరగతి గదికి నిజమైన 18 వాట్లు ధారాళముగా చాలును. వాట్లకంటె ఉపాధ్యాయునికి ముఖ్యమైనది స్పష్టత. 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు స్వరమును నడిపి గ్రాఫు గీయవలెను. 2000కు పైభాగము కుంగినచో మాట వినబడును గాని హల్లులు తేలవు; వెనుక బల్లల పిల్లలు ‘ఏమన్నారు?’ అని ఒకరినొకరు అడుగుకొందురు.

50, 100 హెర్ట్జ్ వద్ద గీతలు లేచినచో అది ఇంటి కరెంటు హోరు. కంప్యూటరును, యాంప్లిఫయరును ఒకే బోర్డుకు తగిలించినను, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడిపినను తరచు అది తగ్గును. హోరు పోవుటకై ప్లగ్గు ఎర్తు కాలును మాత్రము తీయరాదు, అది ప్రాణరక్షకము. కొన్ని యాంప్లిఫయర్లలో స్పీకరు తీగలు రెండింటిలోను స్వరము నడుచును. అట్టివానిలో ఏ తీగనైనను సౌండ్ కార్డు ఎర్తుకు కలిపినచో యంత్రము కాలిపోవచ్చును. వాల్వు యాంప్లిఫయర్లలో వందల వోల్టులుండును; విద్యార్థులు వాని మూత తెరువరాదు.

కొలత వచ్చినంత మాత్రమున చెవి ఓడిపోయినట్లు కాదు. విశాఖపట్టణమున బాల్యవిద్య నేర్చిన సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి మన మద్దెల రహస్యమును ‘నేచర్’ పత్రికలో వెల్లడించెను. చర్మముపై కరణి పూయుటచేత దాని ఉపస్వరములు సంగీతమున కనుకూలమగు పూర్ణాంక నిష్పత్తులలో ఒదుగునని నిరూపించెను. మద్దెల చేసినవారి చెవి ఆ మాట శతాబ్దములకు ముందే గ్రహించినది. కొలత దానికి కారణము చెప్పినది. చెవి తీర్పరి, కొలత సాక్షి. సాక్షి లేని తీర్పు వాదమునకు నిలువదు.

బడిలో ఇట్టి బల్ల యొకటి ఏర్పడినచో యాంప్లిఫయరు కొనుగోలులో పది రూపాయలు మిగులుట చిన్న లాభము. అచ్చుపడిన అంకెను ప్రశ్నించుటకంటె ముందు తన చేతిలోని కొలబద్దను ప్రశ్నించుట పిల్లవాడు నేర్చును. పత్తి తూకమైనను, పత్రికలోని గణాంకమైనను, రేపు అతని ముందుకు వచ్చు ప్రతి అంకెకును ఆ అలవాటు పనికివచ్చును.