మాతృక – ప్రతి

అచ్చుయంత్రం రాకముందు తెలుగు కావ్యాలు తాటాకుల మీదనే జీవించాయి. ఒక మాతృకను ముందుంచుకొని వ్రాయసకాడు గంటంతో మరొక ప్రతిని సిద్ధం చేసేవాడు. ఒకచోట అక్షరం జారేది. మరొకచోట పాదమే తప్పిపోయేది. ఆ ప్రతిని చూచి వ్రాసినవారు పాత తప్పులకు కొత్త తప్పులను చేర్చేవారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, ప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి, శుద్ధప్రతులను సిద్ధం చేయించడానికి ఇదే కారణం. నేటి కంప్యూటర్ రంగంలోనూ ఇటువంటి సమస్యే తలెత్తింది.

కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ సృష్టించే మరొక కంప్యూటరును వర్చువల్ మెషీన్ అంటారు. దానికి విడిగా పెట్టె ఉండదు. అయినా దాని వంతు మెమరీ, డిస్కు, ఆపరేటింగ్ సిస్టం దానికి ఉంటాయి. 1972లో ఐబీఎం సంస్థ పెద్ద కంప్యూటర్లలో ఈ విధానాన్ని వీఎం/370 పేరుతో అందించింది. 1999లో వీఎంవేర్ సంస్థ దీనిని వ్యక్తిగత కంప్యూటర్లకు తెచ్చింది. ఇటువంటి యంత్రపు డిస్కును అందులోని అమరికలతో సహా భద్రపరచిన రూపమే ‘ఇమేజి’. ఒక ఇమేజి నుండి ఎన్ని యంత్రాలనైనా పుట్టించవచ్చు.

హైదరాబాదు–విజయవాడ రహదారిని ఔటర్ రింగ్ రోడ్డు కలిసే పెద్ద అంబర్‌పేట్‌లో ఒక కళాశాల ఉందనుకుందాం. ప్రయోగ పరీక్షకు 40 వర్చువల్ మెషీన్లు కావాలి. ఒక్కొక్కదానిలో ఆపరేటింగ్ సిస్టం, తెలుగు ఫాంట్లు, కంపైలరు చేత్తో అమర్చుకుంటూ పోతే ఇరవయ్యో యంత్రం దగ్గర ఏదో ఒక మెట్టు మరపున పడుతుంది. పరీక్షనాడు ఒక విద్యార్థి ప్రోగ్రాం నడుస్తుంది. అదే ప్రోగ్రాం పక్క విద్యార్థి యంత్రంలో నడవదు. లోపం యంత్రానిది, మార్కులు పోయేది విద్యార్థికి.

ఒక యంత్రాన్ని సరిగా అమర్చి, దాని ఇమేజి నుండి తక్కిన వాటిని పుట్టిస్తే 40 యంత్రాలూ ఒకేవిధంగా ఉంటాయి. అయితే దీనితో సగం సమస్యే తీరుతుంది. ఆ ఇమేజిలో ఏమేమి అమర్చారో తెలిసిన ఉద్యోగి వెళ్ళిపోతే అది మాతృక దొరకని ప్రతి వంటిదే అవుతుంది. కాబట్టి ఇమేజిని కాక, దానిని తయారు చేసే విధానాన్ని వ్రాసి ఉంచాలి. ఆ వ్రాతను చదివి పని చేయవలసినది యంత్రమే.

2013లో మిచెల్ హషిమోటో విడుదల చేసిన ‘ప్యాకర్’ ఈ పనికే ఉద్దేశించినది. ఏ మూల ఆపరేటింగ్ సిస్టంతో మొదలుపెట్టాలి, ఏయే సాఫ్ట్‌వేర్లను ఏ క్రమంలో చేర్చాలి అనే ఆదేశాలు ఒక టెంప్లేటులో ఉంటాయి. ప్యాకర్ ఒక తాత్కాలిక యంత్రాన్ని నడిపి, ఆదేశాలను వరుసగా అమలు చేసి, ఇమేజిని భద్రపరచి, ఆ తాత్కాలిక యంత్రాన్ని తొలగిస్తుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబయిలోనూ, 2022 నవంబరులో హైదరాబాదులోనూ తన ప్రాంతీయ కేంద్రాలను ప్రారంభించింది. ముంబయి కేంద్రంలోని ఇమేజి హైదరాబాదు కేంద్రంలో దానంతట అది లభించదు; నకలు చేయాలి. ఆ ఆదేశాన్ని కూడా టెంప్లేటులోనే చేర్చవచ్చు.

ఈ పద్ధతి విలువ ఆపదలో తెలుస్తుంది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే దోషం బయటపడింది. దాని వల్ల సర్వరు మెమరీలోని రహస్యాలను బయటివారు చదివే అవకాశం కలిగింది. ఇటువంటప్పుడు నడుస్తున్న యంత్రాలను మాత్రమే సరిచేస్తే చాలదు. పాత ఇమేజి నుండి రేపు పుట్టే యంత్రం అదే దోషంతో పుడుతుంది. విధానం వ్రాసి ఉన్నచోట టెంప్లేటును దిద్ది, కొత్త ఇమేజిని తయారుచేసి, యంత్రాలను దాని నుండి మళ్ళీ పుట్టించవచ్చు.

అయితే యంత్రం మంచిచెడులు ఎరుగదు. ఒప్పును ఎంత వేగంగా వ్యాపింపజేస్తుందో తప్పునూ అంతే వేగంగా వ్యాపింపజేస్తుంది. ఇమేజిలో పొరపాటున మిగిలిన ఒక పాస్‌వర్డు దాని నుండి పుట్టిన ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. అందుచేత రహస్యాలను ఇమేజిలో ఉంచరాదు; యంత్రం పుట్టిన తరువాత వేరుగా అందించాలి. కొత్త ఇమేజిని వాడుకలోకి తెచ్చే ముందు దాని నుండి ఒక యంత్రాన్ని నడిపి పరీక్షించాలి. టెంప్లేటులో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో నమోదు చేసి ఉంచాలి.

వ్రాయసకాని చేతిలో జారిన అక్షరం ఒక్క ప్రతిని చెరిపేది. మాతృకలో జారిన అక్షరం అన్ని ప్రతులనూ చెరుపుతుంది. ప్రతులు తీసే శ్రమను యంత్రానికి అప్పగించినా, మాతృకను పరిష్కరించే బాధ్యత మనిషిదే.