నగరము నడుమ రాతియడవి

పంజాగుట్ట అను పేరిలో గుట్ట కలదు. కాని నేడు ఆ కూడలియందు నిలిచి నలువైపుల జూచినను గుట్ట యొక్కటియు కంటబడదు. కనబడునవి వంతెనలు, మెట్రో బండ్లు, నగల అంగళ్ళు, బట్టల అంగళ్ళు. అచ్చటినుండి అమీరుపేటకు పోయినచో రద్దీ మఱింత హెచ్చును. కంప్యూటరు విద్య నేర్చుకొనుటకై ఊరూరినుండి వచ్చిన యువకులతో ఆ వీధులు తెల్లవాఱినది మొదలు రాత్రి వఱకు క్రిక్కిఱిసియుండును. “నాన్నా, ఆ గుట్ట యెక్కడికి పోయినది?” అని ఆఱవ తరగతి చదువుచున్న మా చిన్నమ్మాయి ఒకనాడు నన్నడిగెను. నోటితో చెప్పుటకంటె కంటికి చూపుటయే మేలని తలచి, మఱుసటి ఆదివారము వేకువజామున మేమందఱము బయలుదేరితిమి. మేమనగా నేను, నా భార్య, పిల్లలిద్దఱు, డెబ్బదియేండ్లు దాటిన మా అమ్మ.

పంజాగుట్టనుండి బంజారా హిల్సు రెండవ నంబరు బాటవెంట మూడు నాలుగు కిలోమీటరులు మెట్టకు పోయినచో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనము వచ్చును. అమీరుపేటనుండి వచ్చువారు మెట్రోలో జూబ్లీ హిల్సు చెక్‌పోస్టు వద్ద దిగి కొంత దూరము నడువవచ్చును. 1964 నుండి 1971 వఱకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన నాయకుని పేర వెలసిన ఈ వనము 140 హెక్టారులకు పైబడిన విస్తీర్ణము గలది. పూర్వమిది నిజాము వంశీయుల స్వాధీనమున నుండెను. వారి చిరాన్ మహలు నేటికిని లోపల నిలిచియున్నది. 1998లో ప్రభుత్వము దీనిని జాతీయోద్యానముగా ప్రకటించెను. జాతీయోద్యానమనగా పూలమళ్ళు, ఊయెలలు గల తోట యనుకొనరాదు. అచ్చటి మ్రాకులను, మృగములను, రాళ్ళను వాని మానాన వానిని ఉండనిచ్చు తావు అది.

ద్వారము దాటగానే మా పెద్దవాడు పరుగు లంకించుకొనెను. పది నిమిషములు గడచునప్పటికి వగర్చుచు ఒక రాతిపై చతికిలబడి, నీళ్ళసీసా సగము త్రాగివేసెను. కుటుంబముతో నడచునపుడు అందఱికంటె మెల్లగా నడచువారిని ముందుంచుట మంచిది. అందుచేత మా అమ్మ ముందు నడచెను. మేము వెనుక నడచితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ నడకలోనే మేము ఎక్కువ చూచితిమి. తక్కిన జాగ్రత్తలు కొలదియే. ఎండ యెక్కకమునుపే మరలవలెను. కాలికి గట్టి జోళ్ళుండవలెను. తడిసిన బండపై అడుగు వేయరాదు. చేయి పెట్టబోవుచోట మున్ను కన్ను పెట్టవలెను; రాతి సందులలో పాములుండును. త్రోవ విడిచి పొదలలోనికి చొరబడరాదు.

కొంత దూరము పోయిన పిమ్మట త్రోవప్రక్కన గుండ్రని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనబడెను. “వీనిని ఎవరు పైకి ఎత్తిరి?” అని పిల్లలు విస్మయపడిరి. ఎవరును ఎత్తలేదు. ఈ గ్రానైటు శిల సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమున, మిక్కిలి లోతున, కరగిన ద్రవము చల్లారి గట్టిపడగా నేర్పడినది. దానిపైనున్న నేల యుగయుగములుగా అరగిపోగా శిల పైకి తేలినది. పైబరువు తగ్గుటచే దానిలో నిలువుగను అడ్డముగను బీటలు పడినవి. ఆ బీటలలోనికి వాననీరు దిగి రాతిని మెల్లమెల్లగా మెత్తపఱచును. చదరపు దిమ్మకు ముఖముపై ఒక వైపునుండియే నీటి తాకుడు. అంచున రెండు వైపుల నుండి. మూలయందు మూడు వైపుల నుండి. కావున మూలలు ముందుగా అరగును. ఉల్లిపొరలవలె పైపొరలు ఊడిపోవును. చుట్టునున్న మెత్తని మన్ను వానకు కొట్టుకొనిపోగా లోపలి గుండు మాత్రము మిగులును. పైగుండు ఎక్కడినుండియో వచ్చి క్రిందిదానిపై పడలేదు. రెండును పుట్టినచోటనే ఉన్నవి.

ఇట్టి రాతిదిబ్బలు ఇంగ్లండు దేశపు నైరృతి మూలనున్న డార్ట్‌మూరులోను కలవు. ‘మూరు’ అనగా పెద్ద చెట్లు అరుదై, పొదలతోను గడ్డితోను తడినేలతోను నిండిన విశాలమైన మెట్టభూమి. 1951లో దానిని జాతీయోద్యానముగా చేసిరి. అచ్చటివారు రాతిదిబ్బను ‘టార్’ అందురు. సెలవునాళ్ళలో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని ఒక టార్ నుండి మఱియొక టార్‌కు నడచిపోవుదురు. అచ్చట పొగమంచు, వాన అడ్డు. ఇచ్చట ఎండ అడ్డు. డార్ట్‌మూరు గ్రానైటు వయస్సు సుమారు 28 కోట్ల యేండ్లు. ఈ లెక్క విన్న పిమ్మట మా పెద్దవాడు తాను కూర్చున్న బండను కొంత మర్యాదగా చూచెను!

ఈ వనమున ఆకాశమునంటు వృక్షములు పెక్కు లేవు. వేసవిలో చూచినవారు దీనిని ఎండిన ముళ్ళపొదలని చులకన చేయుటయు కలదు. అది వాని ఓటమి కాదు, వాని ఉపాయము. నీరు కఱవైనపుడు ఆకు రాల్చివేసిన చెట్టు తేమను కాపాడుకొనును. చిన్న ఆకులు గల మొక్కకును, ముల్లు గల మొక్కకును పశువుల భయము తక్కువ, నీటి ఖర్చు తక్కువ. తొలకరి పడిన కొలదినాళ్ళకే అవన్నియు పచ్చబడును.

ఇచ్చట మా అమ్మయే మాకు గురువైనది. ఆమె పల్లెలో పెరిగినది. “ఇది బలుసు, ఇది రేగు, అది తంగేడు, అది సీతాఫలము” అని ఒక్కొక్క మొక్కను పేరు పెట్టి పిలుచుచు నడచెను. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునను సామెత మీరు వినియుందురు. కఱవుకాలమున అన్నము దొరకనపుడు ఆ ఆకును వండుకొని తిని బ్రదికినవారు కలరు. సామెతను నేను ఎన్నిమాఱులు పలికితినో లెక్కలేదు. బలుసుచెట్టును గుర్తించుట మాత్రము ఆనాటివఱకు నాకు రాదు. బతుకమ్మకు పేర్చు తంగేడుపూవును మా పిల్లలు బజారులో కట్టలుగా చూచినవారేగాని కొమ్మపై చూచినవారు కారు.

అంతలో పొదలలోనుండి నెమలి కేక వినవచ్చెను. మేము కదలక నిలిచితిమి. మగనెమలి యొకటి తోక నీడ్చుకొనుచు త్రోవ దాటి, మమ్ము లెక్కచేయకయే పోయెను. ఈ వనమున ముంగిస, ఉడుము, ఏదుపంది, పునుగుపిల్లి, అలుగు కూడ కలవు. వీనిలో కొన్ని రాత్రివేళ మాత్రమే సంచరించును గనుక మనకు కనబడవు. తినుబండారములు వేసి వానిని మచ్చిక చేయబూనుట వానికి మేలు కాదు.

‘బంజారా’ అను పేరు వినగానే కొందఱికి బంజరు నేల తలపునకు వచ్చును. ఆ పేరు బంజరునుండి రాలేదు. ఆ గుట్టలపై నివసించిన బంజారాల వలన వచ్చినది. అయినను ఈ నేలను బంజరుగానే ఎంచినవారు పెక్కుమంది. నగరము పెరిగినకొలది బండలను పగులగొట్టి పునాదులకు వాడిరి. గుట్టలను చదును చేసి మేడలు కట్టిరి. మిగిలినవానినైన కాపాడుటకై 1996లో కొందఱు పౌరులు రాళ్ళ రక్షణకు ఒక సంఘమును స్థాపించిరి. వారు కుటుంబములను వెంటగొని బండల నడుమ నడకలు జరుపుదురు. 2016లో ఈ వనము చుట్టును వంతెనలు కట్టుటకు చెట్లు నఱుకుదురని తెలిసి ప్రజలు నిరసన తెలిపిరి. జాతీయ హరిత ట్రిబ్యునలు ఆ నఱుకుటను ఆపినది. 2020లో కేంద్రప్రభుత్వము వనము చుట్టును ఒక రక్షణ వలయమును ప్రకటించెను. దాని వెడల్పు కొన్నిచోట్ల మూడు మీటరులు మాత్రమే. ఎచ్చటను ముప్పది మీటరులకు మించదు. వాహనములు సాగుటకు బాటలు కావలెననువారి మాటయు త్రోసిపుచ్చదగినది కాదు. మేమును ఆ బాటమీదనే కదా వచ్చితిమి. అయినను బాటను మఱియొక చోట వేయవచ్చును. 250 కోట్ల యేండ్ల బండను మఱియొక చోట పుట్టింపలేము.

మేము తిరిగి పంజాగుట్ట చేరునప్పటికి ఎండ తీవ్రమయ్యెను. ఒక సందులో మలుపు తిరుగుచుండగా చిన్నమ్మాయి నా చేయి పట్టి లాగెను. ఒక అంగడి వెనుక, ప్రహరీగోడలో సగము కలిసిపోయి, ఏనుగంత గుండ్రాయి యొకటి ఉండెను. దానిపై ఎవరో బట్టలు ఆరవేసియుండిరి. “నాన్నమ్మా, గుట్ట పూర్తిగా పోలేదు, చూడుము!” అని అది మా అమ్మను పిలిచెను. మా అమ్మ చెప్పులు విడిచి ఆ నీడలో కాసేపు కూర్చుండెను.