పాలబండి ఇంజను అప్పుడప్పుడు తడబడుతున్నదా? కారణం కనిపెట్టే పద్ధతి

పాల మార్గాలలో తిరిగే పాత పికప్ బండ్లను గురించి సంఘాల నుండి తరచు ఒక ఫిర్యాదు వస్తుంటుంది. బండి బాగానే నడుస్తుంది. ఉన్నట్లుండి యాక్సిలరేటరు తొక్కినా ఎత్తుకోదు, నాలుగు కుదుపులు ఇస్తుంది, మళ్ళీ ఏమీ ఎరగనట్లు పరుగెత్తుతుంది. తీరా మెకానిక్ దగ్గరకు తీసుకుపోతే ఆ జబ్బు కనిపించదు. అతడు తోచిన సామాను మార్చుతాడు, సంఘం బిల్లు చెల్లిస్తుంది, వారం తిరగకముందే తడబాటు మళ్ళీ మొదలవుతుంది.

ఇందువలన నష్టపోయేది సభ్యులే. పిండిన పాలలో సూక్ష్మజీవులను అడ్డగించే సహజశక్తి 30 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఆలోగా పాలు శీతలీకరణ కేంద్రం చేరి 4 డిగ్రీలకు చల్లబడవలెను. ఎండాకాలంలో బండి దారిలో నిలిచిపోతే, కేంద్రంలో మరిగించి చూచినప్పుడు పాలు విరిగే ప్రమాదమున్నది. విరిగిన పాలకు పూర్తి ధర రాదు.

ముందు పుస్తకం, తరువాత పానా

ఉండి ఉండి వచ్చే లోపాన్ని పట్టుకొనుటకు అది ఎప్పుడు వస్తున్నదో తెలియవలెను. ఒక నోటుపుస్తకం బండిలో ఉంచి, తడబాటు వచ్చిన ప్రతిసారి డ్రైవరు ఈ సంగతులు వ్రాయవలెను: బయలుదేరిన ఎన్ని నిమిషాలకు వచ్చినది, ఎత్తు ఎక్కుతుండగానా గతుకుల్లోనా, బరువుతోనా ఖాళీగానా, ట్యాంకులో డీజిలు ఎంత ఉన్నది, పొగ ఏ రంగు. 40 లీటర్ల క్యానులు 30 నిండితే పాల బరువే సుమారు 1,236 కిలోలు. ఖాళీ బండికి కనిపించని లోపం ఆ బరువుతో బయటపడవచ్చును. అందుచేత పరీక్ష కూడ బరువుతోనే చేయవలెను.

ఇంజను రొద పెరిగి బండి మాత్రం ముందుకు సాగకపోతే లోపం క్లచ్చిలో ఉన్నది. చక్రం దగ్గర అతిగా వేడెక్కుతుంటే బ్రేకు పట్టి ఉండవచ్చును. ఈ రెండూ లేవని తేల్చుకొన్న తరువాతనే ఇంజను జోలికి పోవలెను.

ఖర్చు లేనివి మొదట చూడవలెను

ఒకటి, ట్యాంకు మూత. డీజిలు తగ్గేకొలది ఆ చోటులోకి గాలి రావలెను. మూతకున్న సన్నని రంధ్రం దుమ్ముతో పూడిపోతే లోపల గాలి పలుచబడి డీజిలు రాక మందగిస్తుంది. బయలుదేరిన అరగంటకో గంటకో లోపం రావడం దీని గుర్తు. తడబాటు రాగానే బండి ఆపి మూత వదులు చేయండి. గాలి బుస్సుమని లోనికి పోయి, తరువాత బండి బాగా నడిస్తే కారణం దొరికినట్లే. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ఫిల్టరు, ఫీడు పంపు మార్చిన తరువాత తేలిన సంగతి ఇదే.

రెండు, నీరు. ఫిల్టరు అడుగు మర నుండి కొంత డీజిలును గాజుసీసాలోకి దింపి ఉంచితే నీరు అడుగున చేరుతుంది. పీపాలలో నిలువచేసిన డీజిలు వాడే చోట ఇది మరింత అవసరం.

మూడు, గాలి ఫిల్టరు. బరువులో నల్లపొగ వస్తూ బలం తగ్గితే మొదట దీనిని చూడవలెను.

నాలుగు, వైరు. డీజిలు తక్కువైన ఇంజను క్రమంగా నీరసిస్తుంది. గతుకులో తాళం తీసినట్లు టక్కున ఆగి అందుకొంటే, పంపు మీది స్టాప్ సోలినాయిడ్ వైరు వదులై ఉండవచ్చును.

ఆ తరువాత డీజిలు దారి

ట్యాంకు నుండి ఫీడు పంపు వరకు డీజిలు పీల్పు మీద వస్తుంది. ఆ దారిలో గొట్టం చిట్లినా, వాషరు అరిగినా, ఇంజను నడిచేటప్పుడు డీజిలు కారకపోవచ్చును. గాలి మాత్రం లోనికి పోతుంది. ట్యాంకు తగ్గినప్పుడు, ఎత్తులో, లోపం ఎక్కువైతే దీనిని అనుమానించవలెను. మెకానిక్ చేత ఆ దారిలో జానెడు పారదర్శక గొట్టం అమర్పించి చూస్తే బుడగలు కనబడతాయి.

ట్యాంకులోని చెత్త పీల్చు గొట్టానికి అడ్డుపడితే బండి ఆగుతుంది. ఇంజను ఆగి పీల్పు పోగానే చెత్త విడివడి, కొంతసేపటికి మళ్ళీ నడుస్తుంది. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, పీల్చు గొట్టం, తిరుగు గొట్టం రెండూ అందులో ఉంచి ఇంజను నడిపి చూడవలెను. అప్పుడు తడబాటు లేకపోతే లోపం ట్యాంకులోనో దాని గొట్టంలోనో ఉన్నది. ఈ పని జరిగేచోట బీడీ, నిప్పు ఉండరాదు.

ఇవన్నీ చూచిన తరువాతనే డీజిలు ఫిల్టరు, ఫీడు పంపు వంతు. ఫిల్టరు మార్చినప్పుడు దారిలోని గాలిని పూర్తిగా తీయించవలెను. లేకుంటే కొత్త ఫిల్టరే కొత్త తడబాటు తెస్తుంది. పెద్ద పంపు, నాజిళ్ళు విప్పడం అన్నిటికంటె చివరిది. నాజిలు లోపం సాధారణంగా వచ్చిపోయేది కాదు. పొగ, టకటక శబ్దం రోజూ ఉంటాయి.

ఒక హెచ్చరిక

పైన చెప్పినది యంత్రపు పంపు గల పాత బండ్లకు మాత్రమే. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలైన బి.ఎస్. 6 బండ్లు, అంతకుముందే వచ్చిన కామన్ రెయిల్ బండ్లు వేరు. వాటి గొట్టాలలో ఒత్తిడి వెయ్యి బార్లకు మించుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. వాటి మరలు ఎవరూ వదులు చేయరాదు. మీటరు పెట్టి చూచే చోటికే పంపవలెను.

కార్యదర్శులకు మా సూచన ఒక్కటే. ఏ పరీక్షలో ఏమి తేలినదో పుస్తకంలో వ్రాయించిన తరువాతనే సామాను కొనుటకు అనుమతి ఇవ్వండి. ఒకసారి ఒక్కటే మార్చించి, అదే మార్గంలో, అదే బరువుతో నడిపి చూడండి. మహాజన సభలో మరమ్మతు ఖర్చును గురించి సభ్యులు అడిగినప్పుడు ఆ పుస్తకమే సమాధానం చెబుతుంది.